నీ సగం పాస్‌వర్డు

హైదరాబాదు
14 సెప్టెంబరు 2025, ఆదివారం

ఒరేయ్ సత్తిబాబూ,

ఫోను ఎత్తవు. వాట్సాప్‌లో రెండు నెలలుగా ఒకటే టిక్కు. మీ ఆవిడకి చేస్తే "తోటలో ఉన్నారండీ అన్నయ్యగారూ" అంటుంది. పొద్దున్న ఏడింటికి చేసినా అదే మాట, రాత్రి తొమ్మిదింటికి చేసినా అదే మాట. రాత్రి తొమ్మిదింటికి తోటలో ఏం చేస్తున్నావురా, కొబ్బరిచెట్లకి జోల పాడుతున్నావా? ఇక లాభం లేదని పోస్టాఫీసుకెళ్ళి ఐదు రూపాయలిచ్చి కవరు కొన్నాను. మీ పిన్‌కోడు కోసం నీ పెళ్ళి శుభలేఖ వెతకాల్సి వచ్చింది. బీరువా అడుగున దొరికింది, పసుపు మరక ఇంకా పోలేదు.

నేను రాసేది బాబాయిగారి సంగతే, మీ నాన్నగారి సంగతే. కానీ తిన్నగా అక్కడికి వస్తే నువ్వు ఉత్తరం మడిచి చూరులో దోపేస్తావని తెలుసు. అందుకని వేరే చోట మొదలెడతాను.

మొన్న ఆగస్టుకి మన 'సెక్యూరిటీ నౌ' పాడ్‌కాస్టుకి ఇరవై ఏళ్ళు నిండాయి. 2005 ఆగస్టులో మొదలైంది. ఆ వారం జోటాబ్ అనే పురుగు కంప్యూటర్ల మీద పడి తిరుగుతుంటే స్టీవ్ గిబ్సన్, లియో లపోర్ట్ కూర్చుని ఇరవై నిమిషాల లోపే మాట్లాడారు. ఇప్పుడు ఒక్కో వారం రెండు గంటలు దాటిపోతుంది. గిబ్సన్‌కి డెబ్బై నిండాయి. ఇంకా మంగళవారం మంగళవారం వచ్చి కూర్చుంటున్నాడు. నువ్వు ఊరెళ్ళిపోయాక మానేశావు. నేను మానలేదు. ఆఫీసుకెళ్ళే మెట్రోలో వింటాను, మియాపూర్ నుంచి మొదలెడితే వారానికి సరిగ్గా సరిపోతుంది.

మనకి అది పరిచయమైంది 2006 జనవరిలో. ఎస్.ఆర్.నగర్‌లో మేడ మీద రేకుల గది, ముగ్గురికి రెండు మంచాలు. పగలంతా మైత్రీవనంలో నెట్‌వర్కింగ్ కోర్సు, రాత్రి మెస్సులో నీళ్ళపప్పు. నెట్ సెంటరు గంటకి పదిహేను రూపాయలు. నీ 256 ఎంబీ పెన్‌డ్రైవు మన ఉమ్మడి ఆస్తి. గిబ్సన్ ప్రతి ఎపిసోడునీ రెండు సైజుల్లో పెట్టేవాడు. ఒకటి 64 కేబీపీఎస్‌ది, రెండోది నెట్ అంతంత మాత్రంగా ఉన్న మనలాంటి వాళ్ళ కోసం 16 కేబీపీఎస్‌ది. నలభై నిమిషాల కబుర్లు ఐదు ఎంబీలో ఇమిడిపోయేవి. అందులో గిబ్సన్ గొంతు బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుండేది, లియో నవ్వితే మన రేకుల మీద వాన పడ్డట్టుండేది. మాట్లాడిందంతా పొల్లు పోకుండా రాయించి కూడా పెట్టేవాడు. అది ప్రింటు తీయించుకుని, పేజీకి రూపాయి, వింటూ వేలుపెట్టి చదివేవాళ్ళం. కోర్సులో నేర్పని ఇంగ్లీషు నాకలా అబ్బింది. నేను ప్రతి మాటకీ ముందు 'ఓకే, సో' అంటానని మా ఆఫీసులో ఇప్పటికీ నవ్వుతారు.

షీల్డ్స్‌అప్ కథ మరిచిపోయావా? గిబ్సన్ పెట్టిన ఆ పరీక్షతో నెట్ సెంటరు కంప్యూటరుకి ఏ తలుపులు తెరిచున్నాయో చూద్దామని నువ్వే నొక్కావు. గళ్ళు గళ్ళుగా వచ్చింది, కొన్ని ఎర్రగా మెరిశాయి. వెనక నుంచి చూసిన ఓనరు మనం వైరసు ఎక్కించామనుకుని గంట డబ్బులూ ఉంచేసుకుని బయటికి తోలాడు. ఎరుపంటే తలుపు తెరిచి ఉందని చెప్పబోతే, "నా సెంటరు తలుపు తెరిచే ఉంటది, మీరు పోండి" అన్నాడు.

మన మొదటి పోట్లాట కూడా ఆ జనవరిలోనే. విండోస్‌లో డబ్ల్యూఎంఎఫ్ అనే బొమ్మల ఫైలులో లొసుగు బయటపడింది, బొమ్మ తెరిస్తే చాలు దానిలోని ప్రోగ్రాము నడిచిపోతుంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ తేదీ దాకా ఆగకుండా జనవరి 5నే దిద్దుబాటు వదిలింది. ఆ తర్వాత గిబ్సన్ దాన్ని విప్పి చూసి, ఇది పొరపాటులా లేదు, ఎవరో కావాలని పెట్టిన దొడ్డిదారిలా ఉందన్నాడు. నువ్వు ఎగిరి గంతేశావు. నేను కాదన్నాను. రెండు రోజులు మాటల్లేవు, మెస్సులో వేరే బల్లల మీద తిన్నాం. చివరికి మార్క్ రుసినోవిచ్ కూడా విప్పి చూసి, ఇది చేతగాని డిజైనే తప్ప కుట్ర కాదని తేల్చాడు. గిబ్సన్‌కి అలా అప్పుడప్పుడూ చెయ్యి జారుతుంది. కానీ విప్పి చూపించే తీరు మాత్రం, మన కోర్సు సారు నాలుగు నెలల్లో చెప్పలేనిది ఆయన నలభై నిమిషాల్లో చెప్పేవాడు.

నువ్వు విననివాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది హార్ట్‌బ్లీడ్. 2014 ఏప్రిల్, నువ్వు సామాను సర్దుకుంటున్న రోజులు. అప్పుడు నీకు చెబుదామంటే వినే స్థితిలో లేవు, ఇప్పుడు చెబుతాను. సగం ఇంటర్నెట్టు తాళం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. దాంట్లో ఒక పలకరింపు ఉంటుంది. నా కంప్యూటరు అవతలి సర్వరుని అడుగుతుంది: "బతికే ఉన్నావా? ఉంటే 'కొబ్బరి' అను. మూడక్షరాల మాట." అవతలిది 'కొబ్బరి' అంటుంది. అంతే పని. ఇప్పుడు నేను 'కొబ్బరి' పంపి, ఇది అరవై నాలుగు వేల అక్షరాల మాట అని బొంకాననుకో. అవతలిది లెక్క చూసుకోదు. 'కొబ్బరి' అని, ఆ పక్కన మెమరీలో ఏముంటే అదంతా చదువుతూ పోతుంది. ఎవరిదో పాస్‌వర్డు, ఎవరిదో ఉత్తరం, ఒక్కోసారి తాళంచెవే. దొంగతనం జరిగినట్టు ఆనవాలుండదు, ఎందుకంటే తలుపు ఎవరూ పగలగొట్టలేదు. అడిగితే ఇచ్చింది.

ఈ 'అడిగితే ఇచ్చింది' దగ్గరికి మళ్ళీ వస్తాను.

స్పిన్‌రైట్ గురించి ఒక మాట, నువ్వు నవ్వుతావు. గిబ్సన్ పొట్టపోసుకునేది హార్డ్ డిస్కులు బాగుచేసే ఆ ప్రోగ్రాము మీదే కదా, అది కూడా అసెంబ్లీ భాషలో రాసింది. వారం వారం ఎవరో ఒకరు 'చచ్చిపోయిన నా డిస్కుని స్పిన్‌రైట్ బతికించింది' అని రాసిన ఉత్తరం చదివేవాడు. నువ్వు దాన్ని స్వామివారి మహిమల బులెటిన్ అనేవాడివి. 2004లో 6.0 వచ్చింది, 6.1 వచ్చేసరికి 2024. ఇరవై ఏళ్ళకి ఒక చుక్క ఒకటి! పాతది కొన్నవాళ్ళందరికీ కొత్తది ఉచితంగా ఇచ్చాడు, అది వేరే విషయం. నేను మొన్న 89 డాలర్లు పోసి కొన్నాను. ఎందుకో చివర చెబుతాను.

గిబ్సన్ 999వ ఎపిసోడుతో ఆపేస్తానని ఏళ్ళ తరబడి అంటూ వచ్చాడు. ఎపిసోడు నంబరుకి మూడంకెలే సరిపోయేలా ఏర్పాటు చేసుకున్నాడట, నాలుగో అంకెకి చోటు లేదు. ఈ లోపల వినేవాళ్ళు బతిమాలారు. చివరికి మనసు మార్చుకున్నాడు, 2024 నవంబరులో వెయ్యోది కూడా వచ్చేసింది. నాకు ఆయన ఆపుతానన్నదే నచ్చింది, నిజం చెప్పాలంటే. ఏదో ఒక చోట ఆపడం తెలిసినవాడు అనుకున్నాను. కానీ వెయ్యోది వచ్చిన వారం మెట్రోలో నేనే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పిచ్చాడిలా నవ్వుకున్నాను.

లాస్ట్‌పాస్ సంగతి నీకు తెలియాలి, నీ చేత దాన్ని పెట్టించింది నేనే కాబట్టి. నాకు చెప్పింది గిబ్సన్. లోపల ఎలా పనిచేస్తుందో చూసి బాగుందన్నాడు, ఆ మాట మీదే మనమూ, మనలాంటి వాళ్ళూ పాస్‌వర్డులన్నీ దాంట్లో దాచుకున్నాం. 2022 ఆగస్టులో కంపెనీవాళ్ళు మా ఇంట్లో ఎవరో దూరారు గానీ మీవేమీ పోలేదన్నారు. డిసెంబరు 22న, పండగ ముందు, ఖాతాదారుల ఖజానాల నకళ్ళు పోయాయని ఒప్పుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, తాళాలు అందుబాటులో ఉన్న నలుగురు ఇంజినీర్లలో ఒకడి ఇంటి కంప్యూటరులోకి దొంగలు దూరారు. ఇంట్లో సినిమాలు చూసుకునే సాఫ్ట్‌వేరులోని లొసుగు పట్టుకుని, అతను కొట్టే అక్షరాలన్నీ పట్టేశారు. పాత ఖాతాలు కొన్నింటికి పాస్‌వర్డుని వేల సార్లు తిప్పి కలపాల్సింది ఒక్కసారి మాత్రమే తిప్పి వదిలేశారని కూడా బయటపడింది. జనవరిలో గిబ్సన్ ఎపిసోడంతా దీనికే కేటాయించి, నేను చెప్పాననే మీరంతా వాడారు, ఇప్పుడు నేను వెళ్ళిపోతున్నాను, మీరూ వెళ్ళండి అన్నాడు. మొహం చాటెయ్యలేదు. కంపెనీ నాలుగు నెలలు నసిగిన చోట ఈయన తన వంతు మాట రెండు వారాల్లోపే చెప్పాడు. నేను నీకు ఫోను చేసి చెప్పింది మాత్రం మార్చిలో. సిగ్గేసిందిరా, అంతే.

సరే, వచ్చేస్తున్నాను.

బాబాయిగారి సంగతి జులైలో మీ ఆవిడే చెప్పింది. వీడియో కాలు, అవతల పోలీసు యూనిఫారం, వెనక గోడకి మూడు సింహాలు. మీ ఆధార్ మీద ముంబయిలో ఖాతా తెరిచారు, దాంట్లో దొంగసొమ్ము తిరిగింది, మిమ్మల్ని 'డిజిటల్ అరెస్టు' చేశాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు. ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి ఒక పగలూ ఒక రాత్రీ సావిడిలో ఫోను ముందు కూర్చున్నారట, పిన్నిగారికి కూడా చెప్పకుండా. తెల్లారాక బ్యాంకుకి వెళ్ళి, రెండు కొబ్బరి దింపుల డబ్బూ, చెల్లాయి కోసం దాచిందీ కలిపి పంపేశారట. కౌంటరులో ఒక్కరూ ఎందుకు మాస్టారూ అనలేదట. చట్టంలో అలాంటి అరెస్టే లేదని నీకూ నాకూ తెలుసు. ఆయనకి ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా? నేను చెప్పానా?

ఆ తర్వాత రెండు రోజులు ఆయన ఎవరికీ చెప్పలేదు. నీకు తెలిసి సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేసేసరికి మూడో రోజు. అప్పటికే డబ్బు ఖాతాల మీద ఖాతాలు మారిపోయింది. ఆయన నోరు విప్పని ఆ రెండు రోజులు చాలురా వాళ్ళకి. నువ్వేమో విన్న వెంటనే "చదువుకున్నవాడివి, బుద్ధుండక్కర్లేదా" అని వీధిలోకి వినబడేలా అరిచావట. అప్పట్నుంచి ఆయన సావిడి దాటి రావడం లేదట, నువ్వు తోట దాటి రావడం లేదు. మీ ఆవిడ ఏడుస్తూ చెప్పింది. ఇది నేను రాసినట్టు ఆవిడకి తెలియనివ్వకు.

నువ్వెందుకు అరిచావో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి కంపెనీల కంప్యూటర్లకి కాపలా కాసినవాడివి, ఇంట్లో మనిషిని కాయలేకపోయానని. మన గిబ్సన్ ఎక్కడైనా దీనికేమైనా చెప్పాడా అని నేను వెతికాను. పెద్దగా ఏం లేదు. ఆయన లెక్క వేరు. మనిషికో కంప్యూటరు, మనిషికో పాస్‌వర్డు, 'ట్రస్ట్ నో వన్', ఎవర్నీ నమ్మకు. ఆ సూత్రం సర్వర్లకి బాగా పనిచేస్తుంది. మా అత్తగారి ఏటీఎం పిన్ను వంటింటి గోడ క్యాలెండరు మీద, గ్యాసు బండ తేదీ పక్కన రాసి ఉంటుంది. డబ్బు తెచ్చేది కింద పోర్షను కుర్రాడు. నలభై ఏళ్ళలో ఆవిడ దగ్గర ఎవరూ రూపాయి కాజెయ్యలేదు. ఎవర్నీ నమ్మకండి అత్తయ్యగారూ అంటే, మరి మందులెవరు తెస్తారు నాయనా అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

కానీ ఒకటి దొరికింది, అదే నీకు రాద్దామని కూర్చున్నాను. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేరు మీద గోల జరిగింది. ఫైళ్ళు కుదించే సామాను, లినక్స్ ఉన్న ప్రతిచోటా ఉంటుంది. దాన్ని చూసుకునేది ఒక్కడే మనిషి, జీతం లేదు, అప్పటికే అలసిపోయి ఉన్నాడు. 2021 నుంచి జియా టాన్ అన్న పేరుతో ఒకడు చేరాడు. మర్యాదగా మాట్లాడతాడు, చిన్న చిన్న మరమ్మతులు చేస్తాడు. మధ్యలో ఇంకెవరో పేర్లతో వచ్చి, ఇంత ఆలస్యమా, కొత్తవాళ్ళకి అప్పజెప్పొచ్చుగా అని ఆ పెద్దమనిషిని పొడుస్తుంటారు. చివరికి ఆయనే తాళాలు జియా టాన్ చేతిలో పెట్టాడు. రెండేళ్ళు పైగా ఓపిక పట్టి, వాడు లోపల దొడ్డిదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరుకి తన మిషన్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. అర సెకను! లేకపోతే ప్రపంచంలో సర్వర్లు ఎన్ని వాడి గుప్పిట్లోకి పోయేవో.

ఇంత పెద్ద కథలో గమనించు, తాళం పగిలింది ఎక్కడ? మనిషే అడిగాడు, మనిషే ఇచ్చాడు. తాళాలిచ్చిన ఆయన్ని బుద్ధుందా అన్నవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు. పాపం ఒంటరిగా మోశాడు అనే అన్నారు ఎక్కువమంది.

అది వింటుంటే నాకు బండి కథ గుర్తొచ్చింది. మెట్రోలో, ఎర్రమంజిల్ దగ్గర.

2007లో బాబాయిగారు మన రూముకి బస్తా కొబ్బరికాయలూ పూతరేకుల డబ్బా పట్టుకుని వచ్చారు కదా. రాత్రి నువ్వు గిబ్సన్‌వి, నేను లియోని, ఆయన అతిథి. వంద రూపాయల మైకుతో 'వారం వారం భద్రత' అని రికార్డు చేశాం. మొదటిదీ చివరిదీ అదే. నేను "మాస్టారూ, దొంగల గురించి చెప్పండి" అంటే ఆయన 96 తుఫానుకి ముందేడాది సంగతి చెప్పారు. మిట్టమధ్యాహ్నం ఒకడు బండి తోలుకొచ్చాడు. షావుకారుగారు పంపారు, కాలవగట్టు వైపు రాశి ఎత్తమన్నారు అన్నాడు. షావుకారు పేరు తెలుసు, ఆయన కొడుకు పేరు తెలుసు, వెయ్యి కాయలు ఏ ధరకి బేరమాడారో కూడా తెలుసు. పాలేరు దగ్గరుండి లెక్కపెట్టి, బండికెత్తి, వందకింత అని కొసరు కూడా వేశాడు. "దొంగకి చెమట పట్టలేదయ్యా. మనవాడే మోసిపెట్టాడు, ఎండన పడి వచ్చాడని మజ్జిగ కూడా ఇచ్చాడు ఆయ్" అన్నారు బాబాయిగారు. నువ్వు మైకు మీద పడి నవ్వావు.

తర్వాత నేను, మరి పాలేరుని ఏం చేశారండీ అని అడిగాను. ఆయన ఏదో అన్నారు. ఆ మాటలే నాకు గుర్తు రావడం లేదు. ఆ పాలేరు తర్వాత కూడా మీ తోటలోనే ఉన్నాడు, నీ పెళ్ళిలో నాకు రెండోసారి పులిహోర వడ్డించింది అతనే, అది మాత్రం తెలుసు.

ఆ రికార్డింగు నా దగ్గరే ఉంది. పాత 80 జీబీ డిస్కులో, మొదటి ఏడాది ఎపిసోడులతో కలిపి, ఫైళ్ళకి తాళం వేసే ట్రూక్రిప్ట్ పెట్టెలో. 'పాత పాటలు' అని పేరు పెట్టాం. డిస్కు టక్కుటక్కుమంటోంది, అందుకే స్పిన్‌రైట్ కొన్నాను. రాత్రంతా నడిపాక చదివింది. మహిమ దానిదో, కేబులు మార్చినందుకో చెప్పలేను, ఉత్తరమైతే రాయను. ట్రూక్రిప్ట్ రాసిన ఆ పేరులేని మనుషులు 2014 మేలో ఇది ఇక భద్రం కాదని బోర్డు పెట్టి మాయమైపోయారు కదా. తర్వాతేడాది ఆడిట్ చేసినవాళ్ళకి దొడ్డిదారులేమీ దొరకలేదు. గిబ్సన్ దాని చివరి పూర్తి వెర్షను 7.1ఏని తన దగ్గర దాచిపెట్టాడు, అదే తెచ్చి ఎక్కించాను. పెట్టె కనబడుతోంది. తాళం అడుగుతోంది.

పాస్‌వర్డు చెరిసగం పెట్టుకున్నాం, ఒకడు లేకుండా ఇంకొకడు తెరవకూడదని. ఆ ఆలోచన నీదే, ట్రస్ట్ నో వన్ అని ఈలేశావు కూడా. నా సగం నాకు గుర్తుంది. నీ సగం కోసం రెండు వారాలుగా కొడుతున్నాను. నీ హీరో హోండా నంబరు కాదు. మీ ఊరి పేరు ముందు నుంచి కాదు, వెనక నుంచి కాదు. చిరంజీవి సినిమాలు 'పునాదిరాళ్ళు' నుంచి అన్నీ అయిపోయాయి.

ఉత్తరంలో రాయకు. ఫోనులో ఎలాగూ చెప్పవు. రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లి, నేను స్టేషనుకొస్తాను. బాబాయిగారినీ తీసుకురా, కింద బెర్తు చూసి బుక్ చెయ్యి. రాకపోతే దసరాకి డిస్కు సంచిలో పెట్టుకుని నేనే ముమ్మిడివరం బస్సెక్కుతాను. సావిడిలో ఆయన పక్కన కూర్చుని తెరుద్దాం.

పిన్నిగారికి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

నీ
మూర్తి

తా.క. కవరు అంటించబోతూ ఇంకోటి కొట్టి చూశాను. 'మజ్జిగ' కూడా కాదు.